పురుగు పేరు తేలకుండా మందు మూత తీయొద్దు

పాడి గేదె మేత మానేసి మూలుగుతుంటే మనం ఏం చేస్తాం? పశువుల డాక్టరు దగ్గరకు తోలుకుపోయి, "ఏదో ఒక సూది వేసి పంపండి" అంటామా? అనం. గొంతువాపా, గాలికుంటా, పొదుగువాపా అని ఆయన తేల్చాకే మందు వేయిస్తాం. ఎందుకంటే ఒకదాని మందు మరొకదానికి పనిచేయదని మనకు తెలుసు. అదే పైరు దగ్గరకు వచ్చేసరికి ఈ తెలివి ఎటు పోతోంది? "చేనుకు దోమ పడింది, మంచి మందు ఇవ్వండి" అని షాపు మెట్లెక్కుతున్నాం. ఏ దోమ అని వాళ్ళడగరు, మనం చెప్పం. రెండు మూడు డబ్బాలు చేతిలో పెడితే అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తున్నాం. గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది మన పిచికారీ.

ఎకరా, రెండెకరాలు సాగు చేసుకునే చిన్న రైతుకు పురుగుమందు ఖర్చు అంటే పిల్లల చదువు డబ్బు, ఇంటిల్లిపాది తిండి డబ్బు. కౌలు రైతుకైతే అది వడ్డీకి తెచ్చిన డబ్బు. ఆ డబ్బు పేరు కూడా తెలియని పురుగు మీద పోయడం ఎంతవరకు సబబు? ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పైరు రసం పీల్చే పురుగుల్లో ఏది ఏదో గుర్తుపట్టడం, దానికి సరైన పేరు తేల్చడం పట్నంలో అద్దాల గదిలో కూర్చున్న శాస్త్రవేత్తల సరదా పని కాదు. అది మన జేబుకు సంబంధించిన వ్యవహారం. ఆ పని మనమూ కొంత నేర్చుకోవాలి. మిగతాది చేసిపెట్టే మనుషుల్ని ప్రభుత్వం దగ్గర గట్టిగా అడగాలి.

పిలిచే పేరొకటి, పురుగు తీరొకటి

మన వాడుక పేర్లు ఒకసారి గమనించండి. తెల్లదోమ, పచ్చదోమ, సుడిదోమ. మూడింటినీ దోమ అనే అంటాం. ఇవేవీ మనల్ని కుట్టే దోమకు చుట్టాలు కావు. పోనీ ఈ మూడూ ఒకే ఇంటివా అంటే అదీ కాదు, మూడు వేర్వేరు కుటుంబాలు. ఇక నల్లి సంగతి. మంచంలో ఉండేది నల్లి. మిరపలో కింది ముడత తెచ్చేదీ నల్లే. పత్తికి, బొప్పాయికి పట్టేది పిండినల్లి. వరిలో మేలు చేసేది మిరిడ్ నల్లి. పేరు ఒకటే, పురుగులు నాలుగు. నాలుగింటి స్వభావమూ వేరు, మందూ వేరు. మిరిడ్ నల్లికైతే అసలు మందే కొట్టకూడదు.

పెద్దలు పెట్టిన పేర్లను తప్పుపట్టడం కాదిది. కంటికి కనిపించిన ఆకారాన్ని బట్టి వాళ్ళు పేరు పెట్టారు. పురుగుమందులు లేని రోజుల్లో అది సరిపోయింది. ఇప్పుడు అలా కాదు. ఏ మందు ఏ పురుగు మీద పనిచేస్తుందో దాని సీసా మీదే రాసి ఉంటుంది. కాబట్టి పేరు తప్పితే మందూ తప్పుతుంది.

శాస్త్రం లెక్క ఇలా ఉంటుంది. పచ్చదోమ, సుడిదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి ఇవన్నీ సూదిలాంటి ముక్కు ఆకులోకి గుచ్చి రసం పీలుస్తాయి. వీటిని హెమిప్టెరా అనే పెద్ద వర్గంలో చేర్చారు. తామర పురుగులది పూర్తిగా వేరే వర్గం, వాటి రెక్కల అంచుకు ఈక కుచ్చులా వెంట్రుకలుంటాయి. వాటి నోట్లో ఎడమ వైపు దవడ ఒక్కటే పెరుగుతుంది. దాంతో కణాన్ని గుచ్చి ఆ చెమ్మ పీలుస్తాయి. అందుకే ఆకు మీద గీరినట్టు మచ్చలు పడతాయి. నల్లి అసలు పురుగే కాదు. పెరిగిన నల్లికి ఎనిమిది కాళ్ళు. అది సాలీడు బంధువు. ఇన్ని రకాల్ని "రసం పీల్చే పురుగులు" అని ఒకే గాటన కట్టి ఒకే మందు కొడితే ఏం లాభం?

ముడత ఒకటి కాదు, మూడు

మిరప రైతుకు ఈ విషయం చప్పున అర్థమవుతుంది. ఆకు ముడుచుకుంది. ఎటు ముడుచుకుంది? అంచులు పైకి లేచి ఆకు పడవలా తయారైతే అది పైముడత. తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, తిరగేసిన పడవలా అయి, కాడ సాగినట్టు కనిపిస్తే అది కింది ముడత. తెల్లనల్లి పని. ఆకులు కురచబడి, గిడసబారి, మొక్క ఎదగకుండా గుబురుకట్టి ఉంటే అది వైరస్ తెగులు. దాన్ని మోసుకొచ్చింది తెల్లదోమ. చేను గట్టు మీద నుంచి చూస్తే మూడూ "ముడతే".

తామర పురుగు మందు నల్లి మీద కొడితే చాలాసార్లు నల్లికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా ఆ మందు సింథటిక్ పైరిత్రాయిడ్ అయితే మరీ ప్రమాదం. నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి నల్లి ఇంకా రెచ్చిపోతుంది. ఇక వైరస్ పట్టిన మొక్కకు ఏ పురుగుమందు కొట్టినా ఆ మొక్క కోలుకోదు. దాన్ని పీకి కాల్చాలి, మిగతా మొక్కల మీద తెల్లదోమను అదుపు చేయాలి. 1980 దశకం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని తెల్లదోమ ఎలా ఊడ్చిపెట్టిందో పెద్ద వయసు రైతులకు గుర్తుండే ఉంటుంది. కాయతొలుచు పురుగు కోసం పైరిత్రాయిడ్లు వెనకాముందూ చూడకుండా కొట్టడం అప్పటి కారణాల్లో ముఖ్యమైనది. ఒక పురుగును కొట్టబోయి ఇంకొక పురుగును పెంచుకున్నాం.

నల్ల తామర పురుగు నేర్పిన పాఠం

ఇటీవలి దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. 2021 మొదట్లో గుంటూరు జిల్లా మిరప చేలల్లో పూలనిండా నల్లటి చిన్న పురుగులు కనిపించాయి. ఆ ఏడాది చివరికల్లా ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మిరప నేలల్లో అవి విరుచుకుపడ్డాయి. పూత రాలింది, పిందె నిలవలేదు, నిలిచిన కాయ వంకర తిరిగింది. ఎన్నో చోట్ల రైతులు నిలువునా తోటలు పీకేశారు. ఎకరాకు పెట్టిన పెట్టుబడి అంతా మట్టిపాలైంది. కౌలు కట్టి వేసినవాళ్ళు అప్పుల ఊబిలో దిగారు.

అప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మనకు తెలిసిన మిరప తామర పురుగు పసుపుపచ్చగా ఉంటుంది. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన నమూనాలు చూసి హుడ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1919లోనే దానికి సిర్టోథ్రిప్స్ డార్సాలిస్ అని పేరు పెట్టారు. అది ఎక్కువగా లేత ఆకుల్లో ఉంటుంది. కొత్తగా వచ్చింది నలుపు. అది పూలలో దూరి ఉంటుంది. అయినా మనం దాన్నీ "తామర పురుగే" అనుకుని పాత మందులే మళ్ళీ మళ్ళీ కొట్టాం. మందు పూలలోకి దిగలేదు, పురుగు తగ్గలేదు. రెండు రోజులకోసారి ట్యాంకు భుజానికెత్తుకున్నవాళ్ళున్నారు. మందులో ఏముందో రాయని "బయో" డబ్బాలు కొన్నవాళ్ళున్నారు.

శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించి త్రిప్స్ పార్విస్పైనస్ అని తేల్చారు. ఆ పేరు కొత్తది కాదు. 1922లో కార్నీ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించి పెట్టారు. ఇండోనేషియాలో అది మిరప మీద పడుతుందని ముందే తెలుసు. మన దేశంలో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద అది కనిపించిందని 2015లోనే శాస్త్ర పత్రికలో అచ్చయింది. అంటే దొంగ ఊరి పొలిమేర దాటి లోపలికి వచ్చాడని ఆరేళ్ళ ముందే తెలిసింది. ఆ సంగతి మిరప రైతు చెవిన వేసిన వాళ్ళెవరు? పురుగును పట్టుకుని పేరు తేల్చిన శాస్త్రవేత్తలు తమ పని తాము చేశారు. ఆ పేరు అక్కడి నుంచి చేను గట్టు దాకా నడిచి రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

పేరు తేలాక ఏం మారిందో కూడా చెప్పుకోవాలి. అది పూలలో ఉంటుందని, నేలలో కోశస్థ దశ గడుపుతుందని, నీలిరంగు జిగురు అట్టలకు ఆకర్షితమవుతుందని తెలిసింది. కాబట్టి అట్టలు పెట్టడం, నేల మీద మల్చింగు వేయడం, విచ్చలవిడి పిచికారీలు ఆపి మిత్ర పురుగుల్ని బతకనివ్వడం వంటి సలహాలు వచ్చాయి. పేరు తేలడమంటే దాని గుట్టు మన చేతికి రావడమే.

ఇంటిపేరు, సొంత పేరు

శాస్త్రీయ నామం అనగానే నోరు తిరగదని భయపడతాం. నిజానికి ఆ పద్ధతి మనకు కొత్తేం కాదు. మన పేరు ఎలా రాసుకుంటాం? ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. పురుగుకూ అంతే. త్రిప్స్ అన్నది ఇంటిపేరు, పార్విస్పైనస్ సొంత పేరు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జంతువులన్నిటికీ ఇలా రెండు మాటల పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఆ పేరు గుంటూరులో అన్నా, జకార్తాలో అన్నా, బ్రెజిల్‌లో అన్నా ఒకే పురుగు. మనం "దోమ" అంటే పక్క రాష్ట్రం వాడికే అర్థం కాదు.

మరి ఆ పేరు ఎలా తేలుస్తారు? ఊరికే చూసి చెప్పేది కాదు. సుడిదోమ జాతికి వెనక కాలి చివర కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. పచ్చదోమ జాతికి అది ఉండదు, కాలి పొడవునా చిన్న ముళ్ళ వరసలుంటాయి. అది మొదటి మెట్టు. ఆ తర్వాత చాలా పచ్చదోమలు పైకి అచ్చం ఒకేలా ఉంటాయి. మగ పురుగు తోక భాగాన్ని క్షారంలో ఉడికించి, లోపలి అవయవాల ఆకారం మైక్రోస్కోపులో చూస్తేగానీ ఏది ఏదో తేలదు. పిండినల్లి మీది తెల్ల పిండి తీసేసి, గాజు పలక మీద పరిచి, ఒంటి మీద ఉన్న సన్నటి రంధ్రాలు, గొట్టాలు లెక్కపెడతారు. తెల్లదోమకైతే ఎగిరే దోమ కన్నా ఆకు అడుగున అంటుకుని ఉన్న చివరి పిల్ల దశ చూసి గుర్తుపడతారు. తామర పురుగుకు మీసంలో కణుపులు, ఒంటి మీది వెంట్రుకలు చూస్తారు. ఈ మధ్య డీఎన్ఏ పరీక్ష కూడా తోడైంది. పత్తి, మిరప, మినుముల మీద చూసే తెల్లదోమకు 1889లో గ్రీసు దేశపు పొగాకు మీద చూసి పేరు పెట్టారు. అది ఒక్క జాతి కాదని, కంటికి తేడా తెలియని 30కి పైగా జాతుల గుంపని ఆ డీఎన్ఏ పరీక్షల వల్లే బయటపడింది. వాటిలో ఒక్కోదాని వైరస్ మోసే శక్తి, మందును తట్టుకునే శక్తి వేర్వేరు.

కొత్త జాతి దొరికితే దానికి పేరు పెట్టి, వర్ణన అచ్చువేసి, ఒక నమూనాను ఆనవాలుగా భద్రం చేస్తారు. అది ప్రభుత్వ ముద్ర ఉన్న తూకపు రాయి లాంటిది. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దానితో పోల్చి చూసుకోవాలి. మన దేశపు ఈ జాతి పురుగుల మీద డిస్టెంట్ అనే ఆంగ్లేయుడు 1902 నుంచి 1918 వరకు ఏడు సంపుటాలు రాశారు. అలా నాటి నమూనాలు ఎన్నో లండన్ మ్యూజియంలో ఉండిపోయాయి. తర్వాత మనవాళ్ళూ వెనకబడలేదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ విరక్తమఠ్ పచ్చదోమల జాతుల్ని వర్గీకరించడంలో ప్రపంచం మెచ్చిన మనిషి. ఢిల్లీ పూసాలో, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థలో పెద్ద నమూనా భాండాగారాలున్నాయి.

పేర్లలో తగాదాలూ వస్తాయి. మన పత్తి పచ్చదోమకు 1918లో డిస్టెంట్ ఒక పేరు పెట్టారు. పాత కరపత్రాల్లో అదే ఉండేది. 1913లోనే ఇషిదా అనే జపాన్ శాస్త్రవేత్త దానికి పేరు పెట్టి ఉన్నారని తేలడంతో ముందు పెట్టిన పేరుకే పట్టం కట్టారు. ఈ సవరణ చాదస్తం కాదు. ఒకే పురుగుకు రెండు పేర్లుంటే సమాచారం రెండు కట్టలుగా విడిపోతుంది. ఒకే పేరు కింద రెండు పురుగులుంటే ఇంకా ముప్పు. ఎంత ముప్పో ఆఫ్రికా రైతులను అడగాలి.

కర్రపెండలం చెప్పే కథ

సామర్లకోట, పెద్దాపురం వైపు రైతులకు కర్రపెండలం అంటే సగ్గుబియ్యం ఫ్యాక్టరీకి తోలే పంట. ఆఫ్రికాలో అది కోట్లమందికి రోజూ తినే తిండి. 1970 దశకం మొదట్లో కాంగో ప్రాంతంలో ఆ పంటకు కొత్త పిండినల్లి పట్టింది. ఏటికేడు దేశాలు దాటుతూ పోయింది. 1977లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మాటీల్-ఫెరెరో దానికి ఫెనకాకస్ మానిహోటి అని పేరు పెట్టారు. కర్రపెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికా. పురుగూ అక్కడిదే అయి ఉండాలి, దాన్ని తినే మిత్ర పురుగూ అక్కడే ఉండాలి అని వెతకబోయారు.

దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో కర్రపెండలం మీద పిండినల్లి దొరికింది. చూడటానికి అదే. దాని మీద బతికే సన్న కందిరీగల్ని తెచ్చి ప్రయత్నిస్తే అవి ఆఫ్రికా పిండినల్లి జోలికే పోలేదు. ఎందుకు? జాగ్రత్తగా మళ్ళీ పరీక్షిస్తే తెలిసింది, అది వేరే జాతి అని. ఆఫ్రికా దానిలో అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే పిల్లలు పెడతాయి. ఇక్కడి దానిలో మగవీ ఉన్నాయి. 1981లో దీనికి వేరే పేరు పెట్టారు. అదే ఏడాది బెలోటి అనే శాస్త్రవేత్తకు ఎంతో దక్షిణాన పరాగ్వే దేశంలో అసలు పిండినల్లి దొరికింది. దాని మీద అనగైరస్ లోపెజి అనే చిన్న కందిరీగ ఉంది. దాన్ని ఆఫ్రికాకు తెచ్చి వదిలారు. దేశం తర్వాత దేశం అది పాకి పిండినల్లిని అణచిపెట్టింది. రైతు ఒక్క ట్యాంకు మందు కొట్టక్కర్లేకపోయింది. ఈ పనిని నడిపించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

ఆలోచించండి. రెండు పిండినల్లుల్ని ఒకటే అనుకోవడం వల్ల ఎంత కాలం వృథా అయిందో! తేడా తేల్చింది మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒంటి మీది గొట్టాలు లెక్కపెట్టిన మనుషులు. ఆ లెక్కే ఒక ఖండం కంచంలో కూడు నిలబెట్టింది.

ఈ కథకు మన దేశపు ముక్క కూడా ఉంది. అదే పిండినల్లి 2020లో కేరళలో త్రిసూరు దగ్గర కనిపించింది, తర్వాత తమిళనాడు కర్రపెండలం చేలను కమ్ముకుంది. ఈసారి ఇది ఏమిటో తెలియక దిక్కులు చూడాల్సిన పని లేకపోయింది. పేరు చప్పున తేలింది. పేరుతో పాటే దాని మందూ తెలిసింది. బెంగళూరు సంస్థ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి అదే కందిరీగను తెప్పించి 2022లో తమిళనాడు చేలల్లో వదిలింది. అంతకు ముందు బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో పడితే, 2010లో అమెరికా ఆధీనంలోని పోర్టోరికో నుంచి మూడు రకాల కందిరీగల్ని తెచ్చి వదిలారు. బొప్పాయి, మల్బరీ రైతులు ఊపిరి పీల్చుకున్నారు. సరైన పేరు తెలిస్తే ప్రపంచంలో ఆ పేరు మీద రాసిన జ్ఞానమంతా మనదవుతుంది.

వరిలో మన మనిషిని మనమే చంపుకోవద్దు

వరి రైతులకూ ఒక మాట. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా ఉంటుంది. అదే చోట ఆకుపచ్చ ఒంటి మీద నలుపున్న సన్నటి పురుగు చురుగ్గా తిరుగుతుంటుంది. అదే మిరిడ్ నల్లి. దానికీ సూది ముక్కే. కానీ అది ఆ ముక్కుతో వరి రసం కాదు, సుడిదోమ గుడ్లను, పిల్లల్ని పీలుస్తుంది. తెలియనివాళ్ళు రెండింటినీ దోమే అనుకుని లెక్కపెట్టి, "అమ్మో, దోమ పెరిగింది" అని పైరిత్రాయిడ్ కొడతారు. మిరిడ్ నల్లులు, సాలీళ్ళు ముందు చస్తాయి. కాండం లోపల దాగిన గుడ్ల నుంచి సుడిదోమ మళ్ళీ పుడుతుంది. ఈసారి దాన్ని తినేవాడు లేడు. కొన్నాళ్ళకే చేను సుళ్ళు సుళ్ళుగా ఎండుతుంది. "మందు కొట్టాకే ఎక్కువైంది" అని రైతు అనే మాట ఉత్తదేం కాదు. పైరుకు కాపలా కాసేవాడిని మనమే డబ్బు పెట్టి చంపించాం.

"అంత తీరిక మాకెక్కడిది?"

మీలో కొందరు అనొచ్చు. "పురుగు పేరు బెంగళూరులో తేలేలోగా పైరు పోతుంది. మేమేం చేయాలి?" న్యాయమైన ప్రశ్నే. అన్నిటికీ బెంగళూరు దాకా పోనక్కర్లేదు. ఏ గుంపు పురుగో తెలుసుకోవడం మన చేతిలోనే ఉంది. దానికి కావలసినవి పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం, ఒక తెల్ల కాగితం, ఒక పావుగంట. ఒక పిచికారీ కూలికన్నా ఇది ఎక్కువ కాదు.

పొద్దున్నే చేనులోకి దిగి ఇలా చేయండి. నాలుగు మూలలా, మధ్యలో మొక్కలు చూడండి, గట్టు పక్కవే కాదు. పూలను, లేత కొమ్మల్ని తెల్ల కాగితం మీద దులపండి. పసుపు రంగు సన్నటి పురుగులా, నల్లవా? భూతద్దంలో కాళ్ళు లెక్కపెట్టండి. ఆరా, ఎనిమిదా? ఆకు తిప్పి అడుగు భాగం చూడండి. ముట్టుకోగానే తెల్లగా ఎగిరితే తెల్లదోమ. ఏటవాలుగా పక్కకు నడిస్తే పచ్చదోమ పిల్ల. కదలకుండా పిండి కప్పుకుని ఉంటే పిండినల్లి. జిగురు కారి, చీమలు తిరిగి, ఆకు మసిబారితే పేనుబంక, పిండినల్లి, తెల్లదోమల్లో ఏదో ఒకటి ఉన్నట్టే. ఇంతవరకు తెలిస్తే సగం తప్పు మందులు ఆగిపోతాయి.

ఎప్పుడూ చూడని పురుగు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. చిన్న గాజు సీసాలో స్పిరిటు పోసి, ఇరవై ముప్పై పురుగుల్ని నలపకుండా సన్న కుంచెతో తీసి వేయండి. చిన్నవి, పెద్దవి, రెక్కలున్నవి, లేనివి అన్నీ ఉండాలి. తెల్లదోమ, పిండినల్లి అయితే అవి అంటుకున్న ఆకు ముక్కతో సహా తీయండి. చీటీ మీద ఊరు, పైరు, తేదీ రాసి సీసాలోనే వేయండి. పెన్సిలుతోనే రాయాలి, పెన్ను సిరా స్పిరిటులో కరిగిపోతుంది. సీసాను మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో, తెలంగాణలో అయితే రైతు వేదికలోనో ఇచ్చి, ఏరువాక కేంద్రానికి గానీ, కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ పంపమనండి. పంపినట్టు రాయించుకోండి. పురుగు పట్టిన బతికున్న మొక్కల్ని మాత్రం ఊళ్ళు దాటించొద్దు. మనమే చేతులారా పురుగును మోసుకెళ్ళినట్టవుతుంది.

ప్రభుత్వం బాధ్యత ఏమిటి?

రైతు సీసా ఇస్తే సరిపోదు. దాన్ని విప్పి చూసేవాడుండాలి. పురుగుల్ని వర్గీకరించే విద్య నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ చదువుకు ఉద్యోగాలు లేకపోతే పిల్లలు అటు వెళ్ళరు. ఒక పెద్దాయన రిటైరైతే ఆయన నేర్చిందంతా ఆయనతోనే ఇంటికి పోతుంది. కొత్త పురుగు వచ్చినప్పుడు "ఇది వేరే" అని మొదట చెప్పగలిగేది అలాంటి మనిషే. కాబట్టి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఈ వర్గీకరణ విద్యకు శాశ్వత ఉద్యోగాలు ఉండాలి. జిల్లాకొకచోట మంచి మైక్రోస్కోపు, శిక్షణ పొందిన మనిషి, ఆ జిల్లా పురుగుల నమూనాల పెట్టె ఉండాలి. మండలంలో పనిచేసే అధికారులకు ఏటా ఒకసారైనా పురుగుల గుర్తింపులో శిక్షణ ఇవ్వాలి. వాళ్ళను ఎప్పుడూ కాగితాల పనికే కట్టేస్తే చేలోకి దిగేదెప్పుడు?

ఇంకొకటి. దేశంలో ఏ మూల కొత్త పురుగు కనిపించినా ఆ వార్త ఇంగ్లీషు పత్రికలో అచ్చయి ఆగిపోకూడదు. ఏ పంటకు ముప్పో చూసి, ఆ పంట పండించే జిల్లాల రైతులకు వాళ్ళ భాషలో, ఫొటోతో సహా, ఆ సీజనులోనే చేరాలి. 2015లో అలా చేరి ఉంటే 2021లో మన మిరప రైతు కనీసం కళ్ళు తెరుచుకుని ఉండేవాడు. ఇది కోట్లు కావలసిన పని కాదు, మనసు పెట్టాల్సిన పని.

మందులు అమ్మేవాళ్ళను నిందించి ఊరుకోవడం తేలిక. అమ్మేవాడికి సరుకు పోవాలి, అది వాడి వ్యాపారం. మనం పురుగు పేరు చెప్పి, ఆ పేరున్న మందు అడిగి, బిల్లు తీసుకుంటే వాడూ జాగ్రత్త పడతాడు. "ఏదైనా మంచిది ఇవ్వండి" అన్నంత కాలం మంచి లాభం ఉన్న డబ్బానే మన చేతికి వస్తుంది.

సోదరులారా! ఈ సీజనులో ఊరికి ఒక్కరైనా ఒక భూతద్దం కొని జేబులో పెట్టుకోండి. పదిమంది ఒకచోట చేరి ఒకే పురుగును చూసి, ఇది ఫలానా అని తేల్చుకోండి. తేలకపోతే సీసాలో వేసి పంపండి, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. మందు డబ్బా ఎక్కడికీ పోదు, షాపులోనే ఉంటుంది. ముందు పురుగు పేరు తేలాలి.